దామరిస్ నోరు మూసుకున్న శనివారం

పోయిన వారం మనం దామరిస్‌ని వేదిక మీద, చేతిలో గంటతో, తెరిచిన నోరు తెరిచినట్టే వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆ భంగిమలోనే ఉంది. జరిగిందేమిటో ఒక్కసారి గుర్తు చేసుకుని ఆవిడ చేతిలో గంట కింద పెట్టిద్దాం.

ఆ సంఘంలో శనివారం సాయంత్రం యూత్ మీటింగులో అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థన చేస్తారు. డ్రమ్ము ఒకవైపు, కీబోర్డు ఒకవైపు, మధ్యలో అన్ని గొంతులూ కలిసి పైకప్పు రేకుల్ని లేపేస్తుంటాయి. ఎవరి మాట ఎవరికీ వినపడదు. దేవుడికొక్కడికే వినపడుతుంది, ఆయన ఓపిక ఆయనది. ఆ ధైర్యంతోనే పిల్లలు మనసులో ఉన్నదంతా కక్కేస్తారు. ముగించే ముందు డ్రమ్ము నెమ్మదిస్తుంది, దాన్ని పట్టుకుని గొంతులు తగ్గుతాయి, అప్పుడు వేదిక మీద ఉన్నవాళ్ళు చిన్న గంట కొడతారు. ఆ పద్ధతి పెట్టింది దామరిసే. తప్పిందీ ఆవిడే. ఇంకా బోలెడు ప్రకటనలు చదవాల్సి ఉన్నాయన్న తొందరలో డ్రమ్ము తగ్గకముందే గంట కొట్టేసింది. హాలంతా టక్కున ఆగిపోయింది. రెండో వరసలో కళ్ళు గట్టిగా మూసుకున్న కెయిలా మాత్రం ఆగలేదు.

“...జబ్బేమీ వద్దు ప్రభువా, ఒట్టి గొంతు చాలు! ఒక్క శనివారం! దామరిస్ అక్క గొంతు ఒక్క శనివారం మూసెయ్యి తండ్రీ, నీ మహిమ కోసం!”

అది అక్కడితో పోతే బాగుండేది. వెనక బెంచీల్లోంచి ఎవరో అలవాటు కొద్దీ “ఆమెన్” అన్నారు. ఒకరంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా? హాలు హాలంతా ఆమెన్ అంది.

దామరిస్‌కి ప్రార్థన కంటే ఆ ఆమెన్ ఎక్కువ గుచ్చుకుంది.

*

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం. రేపే యూత్ వార్షికోత్సవం. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాల నుంచి పిల్లలు బస్సులు కట్టుకుని వస్తారు. చర్చి వెనక వంటగదిలో దామరిస్, కెయిలా ఎదురెదురుగా కూర్చుని చుచితోలు అనే పొట్లాలు కడుతున్నారు. మొక్కజొన్న పిండి ముద్ద మధ్యలో కోడిమాంసం, కాస్త టమాటా గుజ్జు పెట్టి, నానబెట్టిన పొత్తుల ఆకులో చుట్టి, ఆ ఆకునే చీల్చిన పీలికతో ముడి వెయ్యాలి. మిగతా ఆడపిల్లలంతా ఏదో ఒక పని చెప్పుకుని బయటికి జారుకున్నారు. బెలూన్లు ఊదడానికి ఎనిమిది మంది వెళ్ళారంటే లోపల వాతావరణం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

వారమంతా దామరిస్ ఆ ప్రార్థన ఊసెత్తలేదు. పొద్దున బాలబడిలో పాఠం చెప్పింది. పసివాళ్ళు రంగు పెన్సిళ్ళు పట్టుకుంటే ఒక్కొక్కరి వేళ్ళూ సరి చేసింది. ఇంటికొచ్చి వాళ్ళమ్మ రొట్టె పిండి పిసుకుతుంటే పక్కన నిలబడి నీళ్ళు ఎక్కువయ్యాయంది. వాళ్ళమ్మ తల కూడా ఎత్తలేదు. “కోడి గుడ్డు పెడుతుంటే పక్కన నిలబడి ఎలా పెట్టాలో చెప్పే రకానివే నువ్వు. పో, పోయి చర్చి పని చూసుకో” అంది. అమ్మ మాట మామూలు రోజుల్లో అయితే చెవి దాటి లోపలికి పోదు. ఈ వారం మాత్రం పోయి అక్కడే తిష్ట వేసింది. పదిహేనేళ్ళ పిల్లలకు బైబిలు పట్టుకోవడం నేర్పిన దగ్గర్నుంచి వాళ్ళ పెళ్ళిళ్ళలో పాటలు పాడేదాకా ఆ యూత్ అంతా తన చేతుల మీద పెరిగిందే. ఆ పిల్లలకి తను అక్కర్లేదా? దామరిస్‌కి తెలుసుకోవాలని ఉన్నదీ అదే, తెలుసుకోవాలంటే భయంగా ఉన్నదీ అదే.

“అక్కా, ఒకటడగనా?” అంది కెయిలా.

“ముందు ఆ ముడి బిగించు.”

“దాని గురించే. నేను కట్టినవన్నీ మీరు మళ్ళీ విప్పి కడుతున్నారెందుకు?”

“ఉడుకులో ఊడిపోతాయని.”

“ఇన్నేళ్ళలో నేను కట్టింది ఒక్కటన్నా ఊడిందా?”

“ఊడనిచ్చానా నేను?”

“అదే మరి” అంది కెయిలా.

దామరిస్ విప్పబోతున్న ముడిని వదిలేసింది. వదిలేశాక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పిండిలో పెట్టింది.

“పోయిన శనివారం సంగతి...” కెయిలా గొంతు సవరించుకుంది.

“ఏ శనివారం?” అంది దామరిస్, వారం పొడుగునా ఆ శనివారంలోనే కాపురమున్న మనిషి.

“నా ప్రార్థన.”

“ప్రార్థన నీకూ దేవుడికీ మధ్య వ్యవహారం. మధ్యలో నేనెందుకు?”

“మధ్యలో మీరున్నారు కదక్కా, పేరుతో సహా. సారీ.”

దామరిస్ నిటారుగా కూర్చుంది. ఈ క్షణం కోసం ఆవిడ క్షమించే ప్రసంగం ఒకటి సిద్ధం చేసి పెట్టుకుంది. నెమ్మదిగా మొదలై, మధ్యలో కాస్త కన్నీళ్ళతో, చివర్లో భుజం మీద చెయ్యి వేసి ముగిసే ప్రసంగం. “చూడు కెయిలా...” అంటూ మొదలుపెట్టింది కూడా.

“అందరికీ వినపడేలా అన్నందుకు సారీ” అంది కెయిలా. “అన్నందుకు కాదు.”

ఆ ప్రసంగం అక్కడితో పనికి రాకుండా పోయింది.

“నేనేం తక్కువ చేశానే నీకు?” దామరిస్ గొంతు లేచింది. “మీ అమ్మ సంతకెళ్తే నీకు జడలేసిందెవరు? కొత్తలో మైకు చూస్తే చాలు, వెక్కి వెక్కి ఏడ్చేదానివి. మైకు పట్టుకోవడం ఎవరు నేర్పారు?”

“మీరే. కాదన్నానా? పట్టుకోవడం వచ్చేసింది కదా, ఇంక ఎప్పుడిస్తారు?”

“ఇవ్వలేదూ? ఈస్టరుకి మీటింగు నడిపించింది నువ్వు కాదూ?”

“నడిపించానా? నా వెనకాల నిలబడి ఒక్కో ముక్కా మీరు చెవిలో వేస్తుంటే నేను పైకి అన్నాను. మా తమ్ముడు ఇంటికొచ్చి అమ్మనడిగాడు, అక్క లోపల ఇంకో అక్క ఉందా అని.”

దామరిస్‌కి నవ్వొచ్చింది. ఇలాంటి సమయంలో నవ్వితే పోయేది తన పరువే కనక పొయ్యిలో పొగ కళ్ళలో పడ్డట్టు ముఖం పక్కకు తిప్పుకుంది.

కెయిలా అది చూడనేలేదు. తలుపు తీస్తే దూసుకొచ్చే గాలిలా వస్తున్నాయి మాటలు. “మొదటి పాట మీరే, ప్రకటనలు మీరే. వాక్యం చెప్పేవాళ్ళకి దగ్గొస్తే మంచినీళ్ళు కూడా మీరే. మాకు చప్పట్లు ఇచ్చారు. అవి కూడా ఎప్పుడు కొట్టాలో మీరే చెబుతారు. మీకు జలుబు చేసి రాని వారం గుర్తుందా? ఏ పాటతో మొదలుపెట్టాలో తెలియక మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. చివరికి వాన వచ్చిందని చెప్పి ఇళ్ళకి పోయాం.”

“ఆ రోజు వాన రాలేదే.”

“రాలేదు” అంది కెయిలా. “మీరు లేకపోతే మాకు ఏదీ చేతకాదని మీకు గొప్పగా ఉంటుందేమో అక్కా. నాకు మాత్రం భయమేస్తుంది.”

ఆ పిల్ల ఏడవలేదు. అరవలేదు. మాట అయిపోయాక మరో ఆకు తీసుకుని పిండి పెట్టి, చుట్టి, ముడి వేసి గిన్నెలో పెట్టింది. ముడి బాగానే పడింది. అదే దామరిస్‌కి మరీ ఒళ్ళు మండించింది. ఆవిడ చేతులు కడుక్కుని, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, బయటికి నడిచింది.

*

పెరడు దాటితే పాస్టరు గారిల్లు. పాస్టరమ్మ ఔరేలియా తొట్టి దగ్గర నిలబడి పాస్టరు గారి తెల్లచొక్కాల కాలర్లు రుద్దుతోంది. రేపటి ఉత్సవానికి ఆయన మెడ తళతళలాడాలి. దామరిస్ పెరడు దాటేంతలో రాజీనామా మాటలు పేర్చుకుంది. పాస్టరమ్మ ఎలా ఉలిక్కిపడుతుందో, సబ్బు చేత్తోనే తన చెయ్యి పట్టుకుని వద్దని ఎలా బతిమాలుతుందో కూడా పేర్చుకుంది.

“అమ్మగారూ, నేను యూత్ బాధ్యత నుంచి తప్పుకుంటున్నానండీ.”

“మంచిదమ్మా” అంది పాస్టరమ్మ, కాలరు తిరగేస్తూ.

ఆగి చూసింది దామరిస్. ఇంకేమీ రాలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వచ్చింది.

“ఎందుకని అడగరా?”

“అడక్కపోతే చెప్పవా ఏంటి?”

చెప్పింది. వంటగదిలో మాటలన్నీ చెప్పింది, కెయిలా వాటాకి కాస్త కారం తగిలించి, తన వాటాకి కాస్త తగ్గించి. పాస్టరమ్మ విన్నంతసేపూ ఉతికింది. విన్నాక చొక్కా పిండి దులిపితే ఆ తుంపర్లు దామరిస్ ముఖాన పడ్డాయి.

“నువ్వు తప్పుకుంటే ఏమవుతుందో చెప్పనా? మొదటి వారం ఇంట్లో కూర్చుని అలుగుతావు. రెండో వారానికి చర్చి కిటికీ దగ్గర నిలబడి, లోపల ఎవరు తప్పు పాడుతున్నారో లెక్కేస్తావు. ఇంత తిరుగుడు ఎందుకే? రేపు మీటింగుకి వచ్చి కూర్చో. నడిపించేది కెయిలా.”

“కూర్చుని ఏం చెయ్యనండీ?”

“కూర్చో.”

“అంటే, కూర్చుని...”

“అదిగో, అదే నీకు రాని పని” అంది పాస్టరమ్మ. “పారిపోవడం తేలిక. ఉండి కూడా చెయ్యకుండా ఉండటం కష్టం. నాకు తెలీదనుకున్నావా? మా ఆయన ప్రసంగం దారి తప్పి కొండలెక్కిన ప్రతిసారీ, లేచి వెళ్ళి ఆయన్ని కిందికి దించుకొద్దామని నా కాళ్ళు లాగుతాయి. ముందు బెంచీ అంచు పట్టుకుని కూర్చుంటా. వెళ్ళి చూడు, నా వైపు ఆ చెక్క ఎంత నున్నగా అరిగిందో.”

ఆ బెంచీ అరుగుదల దామరిస్ ఎప్పుడో గమనించింది. ఎవరో ఇసుక కాగితంతో రుద్దించారనుకుంది.

“సరే” అంది కిందికి చూస్తూ.

“మొదటి పాట నుంచి చివరి ఆమెన్ దాకా ఒక్క మాట వద్దు. సైగలు వద్దు. కనుబొమలు వద్దు.”

“కనుబొమలు కూడానా?”

“నీ కనుబొమలు చూసి గిటారు పిల్లాడు తాళం మార్చుకోవడం నా కళ్ళారా చూశాను. దగ్గు కూడా వద్దు.”

“దగ్గొస్తే ఏం చెయ్యనండీ?”

“నీ దగ్గులో కూడా ప్రకటనలుంటాయమ్మా. మింగేయ్.”

*

శనివారం సాయంత్రానికి హాలు నిండిపోయింది. నేలంతా పచ్చి పైన్ ఆకు పరిచారు, అడుగు వేస్తే కొండవాసన లేస్తోంది. బయట ఆగస్టు వాన రేకుల మీద దరువేస్తోంది. రెండో బెంచీలో పాస్టరమ్మ పక్కన దామరిస్, పండగ పావడా కట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఫోటో తీయించుకునేదానిలా కూర్చుంది.

వేదిక మీదికి కెయిలా వచ్చింది. మొదటి పాట ఎత్తుకుంది. ఎత్తుకోవడం ఎక్కడో ఆకాశంలో ఎత్తుకుంది. రెండో చరణానికి మగపిల్లలందరికీ గొంతులు పగిలాయి. ఆడపిల్లలు పెదవులు మాత్రం కదిపారు. దామరిస్ కనుబొమలు బయల్దేరాయి. పాస్టరమ్మ వాటిని అటు చూడకుండానే పసిగట్టి మోచేత్తో పొడిచింది. అవి వెనక్కి వెళ్ళాయి.

తర్వాత వందనాలు. ఇది అసలు గండం. బయటి సంఘాలు వస్తే ఒక్కో సంఘాన్నీ పేరు పెట్టి పిలవాలి, వాళ్ళు లేచి నిలబడాలి, వాళ్ళలో ఒకరు తమ సంఘం తరఫున వందనాలు చెప్పాలి. అన్నం పెట్టకపోయినా మర్చిపోతారు గానీ పేరు పిలవకపోతే తరవాతి తరం దాకా చెప్పుకుంటారు. కెయిలా ఒక్కొక్కళ్ళనే పిలిచింది. లేచారు, చెప్పారు, కూర్చున్నారు. పల్మీరా సంఘాన్ని పిలవలేదు. వాళ్ళు రెండు బస్సులు మారి, చివరి మైలు వానలో నడిచి వచ్చారు. కెయిలా వాళ్ళని దాటేసి తరవాతి పాటకి పుస్తకం తెరిచింది.

దోన్ త్రాన్సితో అనే పల్మీరా పెద్దాయన ఒకసారి దగ్గాడు. ఇంకోసారి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటూ, దగ్గాడు. దామరిస్ గొంతులో పల్మీరా అన్న మాట చేపముల్లులా అడ్డం పడింది. ముందు బెంచీ అంచు పట్టుకుంది. పట్టుకున్న చోట నిజంగానే నున్నగా ఉంది.

మూడో దగ్గుకి కెయిలా తలెత్తింది. ముఖం పాలిపోయింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో దామరిస్‌కి బాగా తెలుసు. “ప్రత్యేకమైన అతిథులని చివరికి ఉంచుకున్నాం” అనాలి, నవ్వాలి. అలా చాలాసార్లు గట్టెక్కింది.

“మర్చిపోయానండీ” అంది కెయిలా మైకులో. “పల్మీరా సంఘం వాళ్ళని మర్చిపోయాను. తప్పు నాదే. వానలో తడిసి వచ్చిన వాళ్ళని మర్చిపోయానంటే నాకు తలకాయ ఉందా అని మా అమ్మ ఇంట్లో అడుగుతుంది, అందుకని మీరు అడక్కండి. దయచేసి నిలబడరా?”

హాలు ఘొల్లుమంది. అందరి కంటే ముందు నవ్వింది ఆ పెద్దాయనే. లేచి, వందనాలకి తోడు, తన పెళ్ళి రోజున పాస్టరు పెళ్ళికూతురి పేరు మర్చిపోయిన కథ కూడా చెప్పాడు. నిలబడిన పల్మీరా పిల్లలు కడుపులు పట్టుకున్నారు.

ఆ నవ్వులో దామరిస్ కూడా ఉంది. నవ్వుతూనే ఒకటి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఆ వేదిక మీద తను ఎప్పుడైనా ‘మర్చిపోయాను’ అందా? ఎంత వెదికినా దొరకలేదు.

ఇంతలో అతిథి కోసం రోడ్డు మీదికెళ్ళిన వాళ్ళు తడిసిన చొక్కాలతో వచ్చి కెయిలా చెవిలో ఏదో చెప్పారు. షేలా పట్నం నుంచి వాక్యం చెప్పడానికి రావాల్సిన అతిథి ఇంకా రాలేదు. మలుపు దగ్గర కొండచరియ జారి బస్సు ఆగిపోయింది. ఆయన్ని తీసుకురావడానికి పికప్పు వేసుకుని వెళ్ళిన పాస్టరు గారు కూడా అక్కడే చిక్కుకున్నారు. కెయిలా ఆ మాట హాలుకి చెప్పింది. చెప్పి, రెండో బెంచీ వైపు చూసింది.

హాలంతా రెండో బెంచీ వైపు చూసింది.

దామరిస్ లోపల ప్రసంగం తయారుగా ఉంది. నిద్రలో లేపినా అరగంట చెప్పగలదు. కాలి వేళ్ళు చెప్పుల్లో ముందుకి వంగాయి కూడా. పాస్టరమ్మ ఈసారి మోచెయ్యి వాడలేదు. ఊరికే తన ముందున్న గోడ వైపు చూస్తూ కూర్చుంది.

“దామరిస్ అక్కా” అంది కెయిలా.

వెనక నుంచి ‘హమ్మయ్య’ అన్న నిట్టూర్పులు వచ్చాయి. దామరిస్ లేచి నిలబడింది. అడిగింది తను కాదు, అడిగింది కెయిలా. కనక ఇది మాట తప్పడం కిందికి రాదని లేస్తున్నంతలోనే తీర్పు చెప్పేసుకుంది.

“ఆలస్యమయ్యేలా ఉందక్కా. చుచితోలు పొయ్యి మీద ఎక్కువసేపు ఉంటే ముద్దయిపోతాయి, దించితే చల్లారిపోతాయి. మీరు కాస్త వంటగదిలోకెళ్ళి మంట చూస్తారా?” కెయిలా ఒకసారి ఊపిరి పీల్చుకుంది. “వాక్యం నేను చెబుతాను.”

వాన కూడా ఆగి విన్నట్టనిపించింది.

దామరిస్ చెవులు వేడెక్కాయి. నిలబడిన మనిషి మళ్ళీ కూర్చోవచ్చు, లేదా వేదిక వైపు నడవొచ్చు. వేదిక వైపు నడిస్తే ఆపేవాళ్ళు లేరు, కెయిలా కూడా ఆపదు, పక్కకి జరిగి మైకు ఇచ్చేస్తుంది. అందరికీ అది తెలుసు. కెయిలాకి అందరి కంటే ఎక్కువ తెలుసు. అందుకే ఆ పిల్ల మైకు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

దామరిస్ తలూపింది. పక్క తలుపు వైపు నడిచింది. పైన్ ఆకు మీద తన అడుగుల చప్పుడు తనకే వినపడింది. తలుపు దాటాక తన వెనకాలే దాన్ని నెమ్మదిగా మూసింది.

*

వంటగదిలో మంట ఎగసిపోతోంది. కట్టెలు రెండు వెనక్కి లాగింది. గిన్నె మూత తీసి చూసింది. ఆవిరి ముఖానికి కొట్టింది, అందుకని కళ్ళు తుడుచుకుంది. ఆవిరే కారణమని మనం కూడా ఒప్పుకుందాం. ఒక్క ముడి కూడా ఊడలేదు. ఏది తను కట్టిందో, ఏది కెయిలా కట్టిందో పోల్చుకోలేకపోయింది.

గోడ అవతల కెయిలా మాట్లాడుతోంది. వానకి మాటలు అన్నీ అందడం లేదు, గొంతు మాత్రం అందుతోంది. మొదట్లో తడబడింది. ఎక్కడో ఒక చోట ఆగిపోయింది. దామరిస్ గరిటె గాలిలో ఆపి, ఊపిరి బిగబట్టి నిలబడింది. చెప్పు, చెప్పు తల్లీ. మళ్ళీ మొదలైంది గొంతు. కాసేపటికి నవ్వులు. ఆ తరవాత నిశ్శబ్దం, జనం లేచి వెళ్ళిపోయిన నిశ్శబ్దం కాదు, వింటున్న నిశ్శబ్దం. మధ్యలో ఒక చోట ఆపి, గొంతు తగ్గించి, మాట మెల్లగా వదలడం దామరిస్‌కి బాగా తెలిసిన పద్ధతి. దాని తరవాత వచ్చిన మాట మాత్రం తను ఎన్నడూ అననిది. దామరిస్ ఒక్కతే పొయ్యి ముందు నిలబడి నవ్వింది. ఎంతో కాలానికి మొదటిసారి, యూత్ మీటింగులో తరవాత ఏం జరగబోతోందో ఆవిడకి తెలియలేదు. తెలియకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

పెరటి తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. చంకలో ప్లాస్టిక్ సంచీలో చుట్టిన బైబిలు. టోపీ అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“వందనాలు సిస్టర్. నేను ఎలియేసెర్‌ని, షేలా నుంచి. వాక్యం చెప్పాల్సింది నేనే. బస్సు ఆగిపోతే మొక్కజొన్న చేల మధ్య నుంచి అడ్డదారిలో నడిచొచ్చాను. మీ పాస్టరు గారు ఎదురొస్తానన్నారు, కనపడలేదు.”

“రోడ్డు మీద మీ కోసం చూస్తున్నారు. కూర్చోండి బ్రదర్. మంట దగ్గరికి జరగండి.” దామరిస్ స్టూలు లాగి వేసి, కప్పులో వేడి మొక్కజొన్న జావ పోసి ఇచ్చింది. “లోపలికి వెళ్తారా? చెప్పి రానా?”

“వద్దొద్దు. ఇప్పుడెళ్తే ఆ అమ్మాయిని మధ్యలో ఆపినట్టవుతుంది.” ఆయన జావ ఊదుకుంటూ గోడ వైపు చెవి పెట్టాడు. కాసేపు అలాగే విన్నాడు. ముఖం విప్పారింది. “కిటికీ బయట కూడా కాసేపు నిలబడి విన్నాను సిస్టర్. నేను వచ్చిందే దీనికోసం. పెతేన్‌లో కొత్త సంఘం పెట్టాం, పిల్లలు బోలెడుమంది, నడిపించేవాళ్ళు లేరు. మీ పాస్టరు గారు, మా దామరిస్ ఉంది, వచ్చి ఒకసారి విను, నచ్చితే అడుగు అన్నారు. ఆవిడకి ఇంకా చెప్పలేదట. ఇంట్లో పాస్టరమ్మకి కూడా చెప్పలేదట, చెబితే ఊరంతటికీ తెలియడానికి ఇంక మైకు అక్కర్లేదని.” ఆయన నవ్వాడు. “ఆ మాట్లాడేది దామరిసే కదా? ముప్ఫై దాటాయన్నారు, గొంతు వింటే ఇరవై అనుకున్నాను.”

గరిటె గిన్నె అంచుకి తగిలి ఖంగుమంది.

పెతేన్. కొండలు లేని, చలి లేని, బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ పట్టే చోటు. అక్కడ బోలెడుమంది పిల్లలు, వాళ్ళకి ఏ పాటతో మొదలుపెట్టాలో కూడా ఎవరూ చెప్పలేదు. దామరిస్ గుండె ఒక్కసారి లేచి గెంతింది. అవునండీ దామరిస్ నేనే అనెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈయన మెచ్చుకుంటున్నది తనని కాదు. ఆ మెచ్చుకోలు జేబులో వేసుకుని బస్సెక్కడం ఎలా?

“కాదు బ్రదర్” అంది. “ఆ మాట్లాడేది కెయిలా. పందొమ్మిదేళ్ళ పిల్ల. వాక్యం చెప్పడం ఇదే మొదటిసారి.”

“మొదటిసారా?” ఎలియేసెర్ కప్పు కింద పెట్టేశాడు. మళ్ళీ గోడ వైపు తిరిగాడు. అవతల కెయిలా ఏదో మెల్లగా అంటోంది, హాలు ఊపిరి బిగబట్టి వింటోంది. ఆయన తేల్చుకున్న గొంతుతో అన్నాడు. “అయితే నాక్కావలసింది ఆ అమ్మాయే సిస్టర్. దేవుడు బస్సు ఆపింది ఇందుకేనేమో.”

దామరిస్ పొయ్యిలో కట్టె సర్దింది. కెయిలా పోతే వచ్చే శనివారం వేదిక మళ్ళీ తనదే. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. ఆ ఆలోచన ఏమాత్రం సంతోషం ఇవ్వనందుకు ఆశ్చర్యమేసింది.

“ఒకటే ఇబ్బంది” అన్నాడాయన గొంతు తగ్గించి. “పాస్టరు గారు దామరిస్ గారి పేరే చెప్పారు. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న మనిషి. నీకు కాదు, నీ దగ్గర నేర్చుకున్న పిల్లకి పిలుపొచ్చిందని ఆవిడకి ఎవరు చెప్పాలి? నొచ్చుకోకుండా చెప్పగలిగిన వాళ్ళు కావాలి. మీకు ఆవిడ బాగా తెలుసా సిస్టర్?”

“తెలుసు బ్రదర్” అంది దామరిస్. “నిన్నటిదాకా ఇంకా బాగా తెలుసనుకున్నాను.”

“అయితే మీరే చెప్పండి. ఆవిడ ఎలాంటి మనిషి? ఒప్పుకుంటుందా?”

గోడ అవతల హాలంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. చప్పట్లు. బెంచీలు జరుగుతున్న చప్పుడు. పైన్ ఆకు మీద ఎవరో పరుగెత్తుకొస్తున్న అడుగులు దగ్గరయ్యాయి, పక్క తలుపు భళ్ళున తెరుచుకుంది. చెంపలు ఎర్రబడి, కళ్ళు తడిసి, రెండు చేతులూ చాపుకుని కెయిలా వచ్చి పడింది.

“దామరిస్ అక్కా! విన్నారా?”

ఎలియేసెర్ స్టూలు మీంచి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.